కబురు లేకపోతే వచ్చినట్టేనా?

ఈ రోజు పొద్దున్న నా గుండె ఆగినంత పనయింది. మా కళింగపట్నం పడవల కోసం నా మనవరాలు గౌరి జావా అనే కంప్యూటరు భాషలో ఒక వెబ్‌సైటు తయారుచేసింది. పడవవాళ్లు చేపల వేటకు వెళ్లేటప్పుడు ఒకసారి, ఒడ్డుకు చేరాక ఒకసారి ఫోనులో నొక్కాలి. నాకు చదువు రాదు. గౌరే చదివి, వాళ్ల నాన్న పడవ వచ్చేసిందంది. ఒడ్డుకెళ్లి చూస్తే ఇసుకలో ఆ పడవ లేదు.

"ఒసే, మీ అయ్య పడవేదే?"

గౌరి కోడు తెరిచి చూసి తెల్లబోయింది. "మామ్మా, సిగ్నలు సరిగ్గా అందక పడవ నంబరొక్కటే వొచ్చి, ఎల్లిందా వొచ్చిందా అన్న ముక్క, అదే పారామీటరు, రాకపోతే, 'వచ్చింది' అని తీసుకోమని నేనే రాసీసినాను."

"ఏటీ! మునిగిపోతన్నోడు ఫోను నొక్కుతాడేటే? వొచ్చీసినాడనుకుని ఎవులూ ఎతకడానికెల్లరు కదే!"

గౌరి అక్కడికక్కడే దాన్ని 'రాలేదు' అని మార్చింది. వెంటనే మా పడవతో పాటు మరో రెండు పడవలు రానివాటిలో కనిపించాయి. అంతవరకూ ఆ రెండింటి కోసం ఊళ్లో ఎవరూ సముద్రం వైపు చూడనేలేదు.

మధ్యాహ్నానికి మూడూ చేరాయి. దీన్ని గౌరి చేతే టైపు చేయిస్తున్నాను. కబురు రాని మనిషిని మీ ఊళ్లో ఏమని రాసుకుంటారో ఒకసారి చూసుకుని, నాకూ చెప్పండి.