అత్తయ్య బోర్లా పడుకున్న పాఠం

మా మేనత్తకి ఒక జబ్బుంది. కాగితం మీద రాసింది ఏదైనా సరే, చేసి చూస్తే తప్ప నమ్మదు. ముప్పై ఆరేళ్లు కాలేజీ సైన్సు లాబులో అసిస్టెంటుగా పనిచేసింది. బర్నరు వెలిగించడం రానివాళ్లే బర్నరు గురించి పుస్తకాలు రాస్తారన్నది ఆ ఉద్యోగంలో ఆవిడ సంపాదించిన జ్ఞానం. అందుకే ఊళ్లో అందరికీ ఆవిడ ప్రాక్టికల్ అత్తయ్య.

నా పెళ్లి కార్డు వెనక హాలుకి దారి చూపే పటం వేయించాను. చుట్టాలంతా దారిలో నలుగురినీ అడిగి హాయిగా వచ్చేశారు. అత్తయ్య మాత్రం పటం పట్టుకుని, నేను వేయించిన బాణం ప్రకారం ఎడమవైపు తిరిగి, నేరుగా కలప డిపోలోకి వెళ్లింది. భోజనాలు ముగిసే వేళకి చీరనిండా రంపప్పొట్టుతో వచ్చి వాలింది. దీవిస్తుందేమోనని వంగాను.

“బాణం తప్పు వేశావురా” అంది.

మరోసారి నడుం నొప్పికి డాక్టరు బొమ్మల కాగితం ఇచ్చాడు. అత్తయ్య బొమ్మలో ఉన్నట్టే చేస్తూ పోయి, కాళ్లు గోడకి ఆనించి పైకెత్తాక, బొమ్మ తలకిందులుగా అచ్చయిందని కనిపెట్టింది. కనిపెట్టడం ఆవిడ వంతు, కిందికి దించడం మా వంతు.

ఇలాంటి మనిషిని పోలీసు శిక్షణ కాలేజీ పాఠాలు పరిశీలించే పౌరసంఘంలో వేశారు. ఎవరు వేశారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోవడం లేదు. సంఘంలో ఐదుగురు మామూలు జనం. పోలీసులకి చెప్పే పాఠాలు చదివి, ఏం మార్చాలో సిఫార్సు చెయ్యాలి. నేను నగర కార్యాలయంలో గుమాస్తాని కాబట్టి మినిట్స్ రాసే పని నా నెత్తిన పడింది.

మొదటిరోజు సభ్యులకి మైదానం తిప్పి చూపించారు. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. రెండో సమావేశానికే అధ్యక్షుడు సిఫార్సు సిద్ధం చేసి తెచ్చాడు. ఆయన రిటైరైన ఇంజనీరు, గొడవంటే గిట్టదు. ‘పాఠ్యపుస్తకం సంతృప్తికరంగా ఉంది’ అని ఒక్కటే వాక్యం. నలుగురు చకచకా సంతకాలు పెట్టారు. కాగితం అత్తయ్య దగ్గర ఆగిపోయింది.

“నేను పెట్టను.”

“నలుగురూ పెట్టారు కదమ్మా!”

“నలుగురూ పడుకుని చూశారా?”

అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అత్తయ్య పుస్తకంలో ఏడో పాఠం తీసి గట్టిగా చదివింది. “అనుమానితుణ్ని బోర్లా పడుకోబెట్టి, వీపుమీద పూర్తి బరువుతో మోకాలు ఆనించి, పేరూ చిరునామా అడగవలెను. స్పష్టంగా చెప్పనిచో సహకరించుట లేదని భావించవలెను.” చదివి, నా చేతికి కళ్లజోడిచ్చి, తివాచీ మీద బోర్లా పడుకుంది. అరవై నాలుగేళ్ల మనిషి!

“రండి. ఎవరో ఒకరు పెట్టండి మోకాలు.”

 బల్లకి అవతల కూర్చున్న శిక్షణ కాలేజీ ప్రిన్సిపాల్ చూపు కిటికీలోంచి బయటికి పారిపోయింది. మనిషి ఆరడుగుల పోలీసాఫీసరు, ఛాతీ బీరువా అంత.

“ఒరేయ్, నువ్వు రారా” అంది నన్ను.

చిన్నప్పుడు ఆవిడ చేతిలో నేను తిన్న మొట్టికాయలకి లెక్క లేదు.  అయినా మోకాలు మెల్లిగానే ఆనించాను.

“సరిగ్గా పెట్టు! పూర్తి బరువు అనుంది!”

పెట్టాను. అత్తయ్య పేరూ చిరునామా చెప్పింది. మాకు వినపడింది మాత్రం “మ్మ్... భ్భ్... గుళ్” అని. లేచి, చీర దులుపుకుని అధ్యక్షుడి వైపు తిరిగింది.

“నేను సహకరించానా, లేదా?”

“వినపడలేదండీ...”

“అయితే నేను దొంగనే. రాసుకోరా మినిట్సులో.”

ప్రిన్సిపాల్‌కి ఒళ్లు మండింది. “ఎనిమిదేళ్లుగా ఇదే పుస్తకం చెబుతున్నామమ్మా. మీరు పెద్దవారు, ఊపిరి చాల్లేదు. గట్టి మనిషికి ఏమీ కాదు.”

“మీరు గట్టిమనిషేగా?”

ఆ మాటతో ఆయన ఇరుక్కుపోయాడు. టోపీ బల్లమీద పెట్టి, బోర్లా పడుకున్నాడు. మోకాలు పెట్టడానికి ఈసారి అత్తయ్య ఎవర్నీ పిలవలేదు. తనే పెట్టింది. ఆవిడది చిన్న ఒళ్లేమీ కాదు.

“ఇంటి నంబరెంత?”

“హ్హ్... ప్...”

“సహకరించడం లేదు” అంది అత్తయ్య మాతో.

ప్రిన్సిపాల్ లేచి, ఎర్రబడ్డ మొహంతో రెండు గ్లాసుల నీళ్లు తాగాడు.  తర్వాత పుస్తకం తన వైపు లాక్కుని, ఏడో పాఠం నిలువునా కొట్టేశాడు. ముందు నిలబెట్టి మాట్లాడాలి, పడుకోబెట్టక తప్పకపోతే వెంటనే మోకాలు తీసి పక్కకి తిప్పాలి, ఊపిరాడుతోందా అని అడగాలి. అత్తయ్య చెబుతుంటే నేను రాశాను.

ఇక సంతకం పెడుతుందనుకున్నాం. పెట్టలేదు.

“ఇంకో వాక్యం రాయి. పాత పాఠం ప్రకారం చెయ్యలేదని ఈ ఏడాది శిక్షణలో ఎవరికైనా మార్కులు తగ్గించి ఉంటే, మళ్లీ దిద్దాలి.”

“అది మా లోపలి వ్యవహారం” అన్నాడు ప్రిన్సిపాల్.

“సంతకం నా లోపలి వ్యవహారం” అంది అత్తయ్య.

మూడు సమావేశాలు అలాగే గడిచాయి. అధ్యక్షుడు బతిమాలాడు. ఆవిణ్ని సంఘంలోంచి తీసేద్దామన్నారు. తీసేస్తే బయట వరండాలో బోర్లా పడుకుంటానంది. ఊళ్లో ‘పోలీసులంటే పడదు ఈవిడకి’ అని పేరొచ్చింది. నాలుగో సమావేశంలో ప్రిన్సిపాల్ విసిగిపోయి అన్నాడు.

“సరే, రాయండి. ఈ వాక్యం వల్ల మార్కులు మారేది ఒక్కర్తెకే. ఒక్క పిల్ల కోసం ఇంత రభసా?”

“అలాగా? నాకేం తెలుసు” అని అత్తయ్య సంతకం గీకింది.

అబద్ధం ఆడటం ఆవిడకి చేతకాదు, చెవులు ఎర్రబడతాయి. బయటికొచ్చాక నిలదీశాను.

“మొదటిరోజు మైదానంలో పరీక్ష జరుగుతోందిరా. మావాళ్లంతా బిస్కెట్లు తింటున్నారు. శిక్షణలో ఉన్న ఓ పిల్ల ఏడో పాఠం చేసి చూపిస్తోంది. కింద పడుకున్నవాడు నిజంగానే దగ్గాడు. ఠక్కున మోకాలు తీసి, ‘ఊపిరాడుతోందా అన్నా?’ అంది. పుస్తకంలో లేని పని చేసిందని సున్నా వేశారు. ఆ సున్నాతో ఉద్యోగం పోయేది.”

“ఆ మాట ఆరోజే చెప్పొచ్చుగా అత్తయ్యా! ఈ దొర్లడాలు, ఈ చెడ్డపేరు దేనికి?”

“చెబితే పిల్ల పేరు పైకొస్తుంది. తర్వాత దాన్ని అక్కడ బతకనిస్తారా? నా పేరు చెడితే నన్నేం చేస్తారు, పెన్షన్ ఆపుతారా?”

నాలుగు నెలల తర్వాత ఇద్దరం పెద్దరోడ్డు అడ్డంగా దాటుతున్నాం. వెనకనుంచి ఈల మోగింది.

“ఏమ్మా, ఏమండీ! చారలు అక్కడుంటే ఇక్కడ దాటుతున్నారేంటి? వెనక్కి నడవండి, నడవండి!”

కొత్త యూనిఫాం, సన్నటి పిల్ల. జేబుమీది పేరు చూసి ఉలిక్కిపడ్డాను. సంఘం ఫైలుకని, మళ్లీ దిద్దిన మార్కుల కాగితం మీద ఆ పేరు టైపు చేసింది నేనే. “ఏయ్ అమ్మాయ్, ఈవిడెవరో తెలుసా నీకు?” అనబోయాను. అత్తయ్య నా జబ్బ పట్టుకుని గట్టిగా గిల్లింది. జన్మలో ఎవరికీ వంచని తల వంచుకుని, బుద్ధిగా వెనక్కి నడిచి, చారల మీదుగా దాటింది.

అవతలికి చేరాక ఒకసారి వెనక్కి చూసింది. మొహం వెలిగిపోతోంది.

“ఏం గొంతురా దానిది! మూడు వీధుల దాకా వినపడుతుంది.”