దిష్టి తీసిన ఉప్పు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, ఒక మనిషి మీద ఇరవై రెండు రోజులు కాపలా కాశాను. పలక మీద లెక్క రాసి మరీ. ఆమె మా పక్కింటి అక్క. మేడ్చల్ బడిలో పదో తరగతి చదివేది.

దేవరయాంజాల్‌లో మా పెరటి బావి పక్కన ఒక ద్రాక్షతీగ ఉండేది. ఆ ఏడు పందిరి నిండా గుత్తులు. ఉగాది వెళ్ళిన మూడో నాడు, నీళ్ళు తోడుకోవడానికి వచ్చిన అక్క తలెత్తి చూసి, "అబ్బ, ఎన్ని గాసినయే!" అంది.

"ఆ పోరి కండ్లు మంచియి గావు" అంది మా అవ్వ. ఆ సాయంత్రం నుంచే రోజుకోసారి గుప్పెడు కల్లుప్పు తీగ చుట్టూ తిప్పి, చెంబు నీళ్ళలో కరిగించేది. దిష్టి తీసిన నీళ్ళు ఎవరూ తొక్కని చోట పోయాలి. మా పెరట్లో అలాంటి చోటు తీగ మొదలు ఒక్కటే.

వారానికల్లా ఆకుల అంచులు మాడాయి. తీగ మొదట్లో మట్టి మాత్రం తడిగానే ఉంది. నీళ్ళుండగా చెట్టు ఎండడమంటే దిష్టి కాక ఇంకేమిటి? అవ్వ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఉప్పు తిప్పడం మొదలుపెట్టింది. నేనేమో మొదటి రోజు నుంచే అక్క వచ్చినప్పుడల్లా పలక మీద గీత, తలెత్తి చూస్తే దాని మీద అడ్డగీత. మొత్తం పద్దెనిమిది గీతలు, ఏడు అడ్డగీతలు.

ఇరవై రెండో నాడు ఆ పలక అవ్వకు చూపించాను. అవ్వ బావి దగ్గరే అక్కను ఆపింది. "ఇగ మా బాయి దిక్కు రాకు."

వాళ్ళకు ఇంకో బావి అర మైలు దూరం. అక్క ఖాళీ బిందె కింద పెట్టి, "నా కండ్లకు గంత బలముంటే మా పెరట్లనే బాయి ఊరుతుండె గద అవ్వా" అంది. తర్వాత వంగి, తీగ మొదట్లో తెల్లగా పేరుకున్నదాన్ని వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకుంది. నావైపు తిరిగి ఒక కీరకాయ తెమ్మంది.

"నువ్వే కొయ్యి. ఉప్పు గుడ నువ్వే ఎయ్యి. నా చెయ్యి తగిలితె మల్ల మంత్రమంటవ్."

రెండు ముక్కలు కోసి, ఒకదానికే ఉప్పు వేశాను. ఆమె మీద నమ్మకం లేక పళ్ళెం ఒళ్ళోనే పెట్టుకున్నాను. కాసేపటికి ఉప్పు ముక్క చుట్టూ నీళ్ళు ఊరాయి. ముక్క వేలికి చుట్టుకునేంత మెత్తబడింది. రెండోది ఎలా ఉన్నది అలాగే ఉంది.

"నీళ్ళు ఉప్పు ఎక్కువున్న దిక్కు పోతయి పిల్లా. మట్టిల ఉప్పు తక్కువుంటే చెట్టు ఏరు నీళ్ళు గుంజుకుంటది. ఎక్కువైతే ఏర్ల ఉన్న నీళ్ళు గుడ మట్టే గుంజుకుంటది. మీ చెట్టు నీళ్ళల్ల నిలవడి దూపకు సస్తాంది."

మొదటి వారం ఏడు గుప్పిళ్ళు, తర్వాతి పదిహేను రోజులు రోజుకు రెండు. ముప్పై ఏడు. నేను పైకే లెక్క చెప్పాను. అవ్వ అక్క బిందె తీసుకుని, తానే నీళ్ళు తోడి నింపి, మోసుకెళ్ళి వాళ్ళ గడప ముందు పెట్టి వచ్చింది. ఆ సాయంత్రం నుంచి తీగకు మంచినీళ్ళే బిందెలకు బిందెలు పోసింది. గుత్తులన్నీ రాలిపోయాయి. నలభై రోజులకు ఒక్క చిగురు వచ్చింది.

ఇప్పటికీ ఎవరి మీదైనా అనుమానం వస్తే ఆ పలకే గుర్తొస్తుంది. అవ్వ ఉప్పు పోసిన ప్రతిసారీ నేను పక్కనే ఉన్నాను. చెంబు అందించింది కూడా నేనే. పలక మీద దానికి ఒక్క గీత కూడా లేదు.