శుక్రవారం పడిన డెబిట్

2022 వానాకాలం. వ్యాపారులకు రావలసిన నెలవారీ బిల్లు, కొనేవాళ్ల బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వచ్చేలా ఏర్పాటు చేసే కంపెనీలో నాది ఫీల్డు ఉద్యోగం. పాతబస్తీ అంతా నా ఏరియా. ఒకరోజు గౌలిపురలో పాల వ్యాపారం చేసే యాదగిరి ఫోన్ చేశాడు.

"మేడం, మీ మిషిన్ ఖరాబైంది! శకుంతలమ్మ బంద్ చేసింది. ఆమెను చూసి గల్లీల అందరు బంద్ చేస్తున్నరు. గిట్లయితే బర్లకు దాణా ఏడికెళ్లి తేవాలె?"

మిషనూ లేదు, గిషనూ లేదు. ఉండేది మాండేట్. "ఫలానా వ్యాపారి నా ఖాతా నుంచి ఇంతకు మించకుండా తీసుకోవచ్చు" అని మనం బ్యాంకుకు ఇచ్చే అనుమతి అది. ఒకసారి ఓటీపీ కొట్టి ఒప్పుకుంటే, తర్వాత వ్యాపారి బిల్లు పంపినప్పుడల్లా బ్యాంకు డబ్బు ఇచ్చేస్తుంది. అలా పంపడాన్ని ప్రెజెంటేషన్ అంటాం. వద్దనుకుంటే అనుమతిని ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. శకుంతలమ్మ బ్యాంకుకు వెళ్లి అదే చేసింది.

వాళ్లది పాత హోల్‌సేల్ వ్యాపారుల ఇల్లు. యాదగిరి తండ్రి కాలం నుంచీ ఆ ఇంటికి పాలు వీళ్లవే. పాలు బాగాలేవేమో అన్నాను. అతనికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"నీళ్లున్నయని ఆమెను చెప్పమనుండ్రి, ఇయ్యాల్నే బర్లను అమ్ముకుంట!"

ఇద్దరం వెళ్లాం. ఆమె ఇద్దరికీ చాయ్ ఇచ్చింది కానీ యాదగిరి ముఖం చూడలేదు. ఏమైందమ్మా అన్నాను.

"శుక్కురారం పొద్దుగూకినంక దీపం పెట్టి లేస్తున్న బిడ్డా. పైసలు పోయినయని ఫోన్ల మెసేజ్. శుక్కురారం మా ఇంట్లకెళ్లి రూపాయి బయటికి పోదు. వీని బాపు ఒక్కనాడు గా రోజు అడగలే. వీడు దీపం ముంగటనే లక్ష్మిని గుంజుకపోయిండు!"

"అయ్యో, నేను గుంజుడేందమ్మా! అయిదో తారీఖు వస్తే అదే కోస్తది."

"అదే కోస్తె, దానికి నువ్వు చెప్పొద్దా?"

నవ్వొచ్చింది, చిరాకూ వేసింది. కంప్యూటర్‌కు వారాలేమిటని నోటిదాకా వచ్చింది. కానీ యాదగిరి కళ్లలో నీళ్లు చూసి నోరు మూసుకున్నాను. గల్లీ అంతా పోతే అతని బతుకు పోయినట్టే.

మాండేట్‌లో ఫ్రీక్వెన్సీ అని ఒక గడి ఉంటుంది. అందరిలాగే అతనిదీ 'నెలనెలా' అని పెట్టాం, తేదీ ఐదు. 'పంపినప్పుడు' అనే రకం కూడా ఉంది. అందులో బిల్లు ఏ రోజు వెళ్లాలో వ్యాపారి చేతిలోనే ఉంటుంది. ఐదో తేదీ శుక్రవారం వస్తే గురువారమే పంపవచ్చని ఆమెకు చెప్పాను.

"బేస్తారం పంపితె, బ్యాంకోళ్లు ఆలస్యం జేసి శుక్కురారం కోస్తె?"

మంచి ప్రశ్నే. నిజంగా అలా జరుగుతుంది.

"నీకు బుధవారమే పంపుతనమ్మా," అన్నాడు యాదగిరి. "ఆలస్యమైనా బేస్తారమే."

నేను ఆ రకం కొత్త మాండేట్ పెట్టాను, ఆమె ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. నా చేతికి ఫోన్ ఇవ్వబోతే, ఓటీపీ ఎవరికీ చూపించకూడదు, మీరే కొట్టాలన్నాను. ఒక్కొక్క అంకే కూడబలుక్కుంటూ కొట్టింది. తర్వాత మొదటిసారి యాదగిరి వైపు తిరిగింది.

"పైసల కాడ నాకు లొల్లి లేదు బిడ్డా. నేను ఇచ్చినట్టుండాలె. నువ్వు తీసుకపోయినట్టుండొద్దు."

మా ఆఫీసులో ఈ పనిని కలెక్షన్ అంటారు. నేనూ అదే అనేదాన్ని. ఇప్పుడు పాతబస్తీలో ఏ ఇంట్లో మాండేట్ రాసినా, ఖాతా నంబరు కంటే ముందు ఒకటి అడుగుతాను: "ఏ వారం ఇస్తారమ్మా?"