వెంకటేశ్వరి రాసిన అయిదు, ఆరు

వెంకటేశ్వరి డిగ్రీ ఫెయిలయిందని చెప్పుకుంటాండారే, ఆ మాట శుద్ధ తప్పు. ఈ కువైట్‌లో, సాల్మియాలో మొదలై ఫహాహీల్ బస్సు దాకా పాకిపాయ ఆ మాట. ఒకామె మూడు సబ్జెక్టులు పోయినాయని చెప్పిందంట. ఇంకొకామె, ఇండ్లలో పని చేసుకునేదానికి డిగ్రీ ఎందుకులే అని నవ్విందంట. ఫెయిల్ కాలేదు తల్లుల్లారా. అన్నీ పాసయింది. పాసయిన పరీక్షనే మళ్లా రాస్తాండాది. దాన్ని ఇంప్రూవ్‌మెంట్ అంటారు. అది చెప్పకుండా ఆమె స్నేహితురాలు ఆసియా బీ సరుకులంగట్లో "మా వెంకటేశ్వరి మళ్లా పరీక్షకు పోతాదంట, పాపం" అనింది. ఆ 'పాపం' అనేది ఒకటి చేరిందే, దాంతోనే ఇంత దూరం పాయ.

జరిగింది జరిగినట్టు వినండి.

వెంకటేశ్వరిది రాయచోటి పక్క పల్లె. పెండ్లయినాక రెండేండ్లు ఊరి బళ్లో విద్యా వలంటీరుగా పాఠాలు చెప్పింది. పిల్లోల్లు "టీచరమ్మా, టీచరమ్మా" అని ఎనకాల్నే తిరిగేవాళ్లు. ఆ పని పోయినాక కువైట్‌కు వచ్చేసింది. ఆరేండ్లాయ. ఇక్కడ టీచరమ్మ లేదు, 'యా వెంకీ' అని పిలుపు, అంతే. సాల్మియాలో ఒక కువైటీ వాళ్లింట్లో పని. మొగుడు గంగులయ్య షువైఖ్‌లో గ్యారేజీలో ఉంటాడు, శుక్రవారం పూట కలుస్తారు. ఆ మనిషి ఆమె చదువు జోలికి రాడు. ఏం అడిగినా "నీకు తోచింది చెయ్ మే" అంటాడు.

మధ్యలో ఆగిపోయిన డిగ్రీని ఆమె దూరవిద్యలో మళ్లా పట్టుకుంది. మధ్యాన్నం ఇంట్లో అందరూ పండుకున్నాక, వంటింట్లో స్టూలేసుకోని చదివేది. పోయినసారి సెలవులో ఊరికి పోయి ఆఖరి సంవత్సరం పేపర్లు రాసొచ్చింది. ఎందుకంటే ఆమెకు మళ్లా బళ్లోకి పోవాలని ఉండాది. దానికి బీఎడ్ చెయ్యాల. బీఎడ్‌లో చేరాలంటే ఆమెకు డిగ్రీలో యాభై శాతం ఉండాల. మార్కులొచ్చినాయి. యాభై శాతానికి ఏడంటే ఏడు మార్కులు తక్కువ. అన్నిట్లో బాగనే వచ్చి, ఎకనామిక్స్‌లో ముప్పై ఏడు. ఆమె అన్నిటికంటే బాగా రాసినాననుకున్న పేపరే అది.

"ఏందిరా శివా ఇది?" అని తమ్మునికి ఫోన్ చేసింది. శివకుమార్ రాయచోటిలోనే ఉంటాడు. యూనివర్సిటీకి అర్జీ పెట్టి, తిరిగి తిరిగి ఆ పేపరు జిరాక్సు తెప్పించి, ఫోన్‌లో ఫోటోలు పంపించినాడు.

ఆ ఫోటోలు వచ్చేటప్పటికి వెంకటేశ్వరి పెద్దమామాకు అన్నం తినిపిస్తాండాది. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు, పెద్దమామా అంటే ఆ మామా వాళ్లమ్మ. ఎనభై దాటినాయి. చక్కెర జబ్బు. కన్నబిడ్డ పెట్టినా తినదు, వెంకటేశ్వరి పెట్టాల్సిందే. ఫోన్ మోగితే ముసలామె ముందు అందుకునింది.

"షినూ హాదా?" అనింది, ఏందిది అని.

"నా పరీక్ష, పెద్దమామా. నేను రాసిన పేపరు."

ముసలామె అద్దాలు పెట్టుకోని చూసింది. "ఇది రాతనా? శనగలు ఒలకబోసినట్టుంది" అనింది. వేలితో కిందికి జరిపింది, ఇంకా జరిపింది. ఉన్నట్టుండి మొగమంతా వెలిగిపాయ. "ఖమ్సా!" అనింది. "ఇదో, ఖమ్సా. ఇది సిత్తా. నీ భాష నాకు వచ్చేసింది వెంకీ!"

వెంకటేశ్వరి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపాయ.

ఖమ్సా అంటే అయిదు, సిత్తా అంటే ఆరు. తెలుగు ముక్క రాని మనిషి, తెలుగు పేపర్లో అయిదూ ఆరూ ఎట్ల చదివిందబ్బా? ఎట్లంటే, అవి అరబ్బీ అంకెలు కాబట్టి! ఆ ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టే ప్రతి సంచి మీదా, చేప కానీ మాంసం కానీ, తారీకు రాయాల. ఆరేండ్లుగా లావు పెన్నుతో అరబ్బీ అంకెల్లోనే రాస్తాండాది ఆమె. పరీక్షలో నాలుగో ప్రశ్న దాకా నెమ్మదిగా మన అంకెలే వేసింది. ఆఖర్లో టైమ్ లేక తొందరపడేటప్పటికి, చెయ్యి వంటింట్లోకి పారిపాయ. అరబ్బీ అయిదు మన సున్నా మాదిరుంటాది. అరబ్బీ ఆరు మన ఏడు మాదిరుంటాది. దిద్దిన సారు ఏం చేస్తాడు? సున్నా నెంబరు ప్రశ్న లేనే లేదని ఒకటి కొట్టేసినాడు. ఏడో ప్రశ్నకు ఈ జవాబు కాదని ఇంకోటి కొట్టేసినాడు.

"అరవొద్దు మే, ముద్ద పెట్టు" అనింది పెద్దమామా. వెంకటేశ్వరి అరవలేదు. నవ్వాల్నో ఏడవాల్నో తెలీక రెండూ చేసింది.

శివకుమార్ యూనివర్సిటీకి పోయి మళ్లా అడిగొచ్చినాడు. "నెంబరు తప్పేసింది మీ అక్క, మేం కాదు. కావాలంటే ఇంప్రూవ్‌మెంట్ రాసుకోమను" అని చెప్పినారంట. అయితే ఆ ఫారంలో ఒక మెలిక ఉండాది. పాత మార్కులు వదులుకుంటున్నానని సంతకం పెట్టాల. కొత్త మార్కులే లెక్క. అది పోతే ముప్పై ఏడూ పోతాది, చేతికొచ్చిన డిగ్రీ కూడా పోతాది.

ఆ సాయంత్రం చెత్త పడేసేదానికి కిందికి పోతే, పక్క బిల్డింగులో వంట చేసే ఆసియా బీ కనపడింది. సంగతి విని నడుము మీద చెయ్యి పెట్టుకునింది.

"నీకేమన్నా మతి పోయిందా మే? పాసయిన దాన్ని గెలుకుతారా ఎవరన్నా?"

"ఏడు మార్కులు ఆసియక్కా."

"ఏడు మార్కుల కోసం ముప్పై ఏడు పారేస్తావా? నాకు జన్మలో ఒక్క మార్కు రాలేదు, నేను బతకడంలా?"

"నీ బిర్యానీకి వేస్తార్లే నూటికి నూరు."

"మాట మార్చొద్దు. పైగా పరీక్ష రంజాన్‌లో అంటివి. రంజాన్‌లో నీకు ఇజాజా ఎవరిస్తారు? సెలవని నోరు తెరిస్తే మీ మామా నీ మింద సమోసాలు వేయించేస్తాది."

అది నిజమే. ఇఫ్తార్ విందుల నెలలో పనిమనిషి ఊరికి పోతానంటే ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు. దానికంటే పెద్ద భయం ఇంకోటి. పన్నెండు రోజులు తను లేకపోతే పెద్దమామా తింటాదా?

మర్నాడు మధ్యాన్నం వెంకటేశ్వరి స్టూలేసుకోని, ఆ ఫోటోలు మళ్లా తీసింది. ఈసారి తన పేపరని చూడలేదు. ఎవరో పిల్ల రాసిన పేపరు దిద్దుతాండానని అనుకునింది. బళ్లో దిద్దినట్టే పైనుంచి కిందికి ఒక్కో వరుస చదివింది. అయిదో జవాబు బాగుండాది, పట్టిక కూడా సరిగ్గా గీసింది. పదికి ఎనిమిది. ఆరో జవాబులో చివర ఒక మాట తగ్గింది. ఏడు వేసింది, అంతకంటే వెయ్యలేదు. టీచరమ్మ ఊరికే మార్కులిచ్చే రకం కాదు గదా. మొత్తం పదైదు. ఏడు కావాల్సిన చోట పదైదు.

ఈ పిల్లకు వచ్చు, అనుకునింది. వచ్చిన పిల్లను రాదనుకోని ఎట్ల వదిలేసేది?

ఫారం మీద సంతకం పెట్టి ఫోటో పంపించేసింది. పది నిమిషాలకు శివకుమార్ ఫోన్.

"అక్కా, సంతకం కింద ఏందిది?"

"తారీకు రా."

"ఇదేం తారీకు? సున్నా, వంకర గీత... మళ్లా అరబ్బీలో వేసినావక్కా!"

ఇంత జరిగినాక, తెలిసి తెలిసి, మళ్లా అదే చెయ్యి అదే పని చేసింది. ఎకనామిక్స్ ఎంత చదివితే ఏమి, చెయ్యి మాట వినకపోతే?

ఫారం ఇంకోసారి రాసింది. రాసి, నేరుగా మామా దగ్గరికి పోయి సెలవడిగింది. మామా అనుకున్నట్టే అనింది, ఈద్ అయినాక పో అని. పక్క గదిలోనుంచి పెద్దమామా గొంతు.

"పరీక్ష ఈద్ దాకా ఆగుతుందా? నీ చదువప్పుడు నేను ఆపినానా?"

"మరి నీకెవరు పెడతారమ్మా అన్నం?"

ముసలామె అనింది, "నీ చేత్తో తింటాలే. పన్నెండు రోజులే గదా. నువ్వు బాగా పెట్టవు, అయినా తింటా."

మామా లోపలికి పోయి, అమ్మ మంచం మీద కూచునింది. సెలవు ఖాయమాయ.

ఆసియా బీ కూడా మెత్తబడింది. దినామూ ఒకసారి వచ్చి ముసలామెను చూసిపోతానని తనే చెప్పింది.

చెయ్యి సంగతి కూడా పెద్దమామానే చూసుకునింది. పరీక్ష అయ్యే దాకా ఫ్రీజర్ సంచుల మీద వెంకీ అంకెలే ఉండాలని చెప్పేసింది. ఇంట్లో వాళ్లందరికీ మన అంకెలూ వచ్చు, ఇన్నాళ్లూ వాటితో రాయమని వెంకటేశ్వరికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఇప్పుడు చేపల మీద 5, కోళ్ల మీద 6. ముసలామె అన్నం తినే ముందర చేతివేళ్లు చూపిస్తాది. వెంకటేశ్వరి కాగితం మీద అంకె వేసి చూపించాల. తప్పు వేస్తే ముసలామె నోరు తెరవదు.

మొన్న ఒక్కసారి తప్పు వేసింది. వేసి, తనే చూసుకోని, కొట్టేసి, సరిగ్గా రాసింది. అప్పుడు నోరు తెరిచింది పెద్దమామా.

వచ్చే బేస్తవారం విమానం. ఆ పై సోమవారం రాయచోటిలో పరీక్ష. ఎయిర్‌పోర్టులో కానీ, ఊరి బస్సులో కానీ మీలో ఎవరికన్నా కనపడితే, ఫెయిలయినావంట గదా అని మాత్రం అడగొద్దండి. దగ్గరికి పోయి, భోంచేసినావా అని పలకరించి, "వెంకటేశ్వరీ, ఆరు ఎట్ల వేస్తావో ఒకసారి వేసి చూపీ మే" అనండి. ఏ ఆరు వేసిందో కాస్త చూసి చెప్పండి.