శారద గట్టున సూరిబాబు కొంగ

మా శారదా నది ఎన్నో వరదలు చూసింది గానీ, నా పరువు కొట్టుకుపోయినంత జోరుగా ఇంకేదీ కొట్టుకుపోగా చూసుండదు. ఆ రోజు వరద కూడా లేదండీ. మోకాల్లోతు నీళ్లు, ఒడ్డున ఒక కొంగ, గట్టు మీద నేను. నా సర్వనాశనానికి అంతకంటే సరంజామా అక్కర్లేకపోయింది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మెడలో బైనాక్యులర్, ఫోన్లో పిట్టల వాట్సాప్ గ్రూపు, బుర్రలో గాలి. మా నాన్నకి అనకాపల్లిలో బెల్లం కొట్టు. ఆయన దృష్టిలో పక్షులు రెండే జాతులు: బెల్లం మీద రెట్టేసేవి, వెయ్యనివి.

"ఆదివారం ఆదివారం గట్టెంట తిరిగి ఏటి సాధించేవురా?" అన్నాడు ఓ రోజు.

"శారద చుట్టుపక్కల ఉన్న పిట్టలన్నిటికీ జాబితా తయారు చేత్తన్నాం నాన్నా. లకుముకి, నీటికాకి, నత్తగుల్లకొంగ..."

"నువ్వు రాసుకోకపోతే అవి గుడ్లెట్టడం మానేత్తాయా? సరే, వచ్చే ఆదివారం లోపల ఎవరూ చూడని పిట్టనొకదాన్ని నాకు చూపించు. లేదంటే వారంలో ఏడు రోజులూ కొట్లో కూర్చో."

నా ఆదివారాలు పోతే ఇంక కొట్లో నేనున్నా ఒకటే, బస్తా ఉన్నా ఒకటే. నిజంగానే భయమేసింది.

బుధవారం పొద్దున్న, కొట్టు తెరవకముందే గట్టుకెళ్తే, దేవుడు కరుణించేడు. అవతలి ఒడ్డున, చెరకు తోట అంచున ఒక కొంగ! వీపు తెలుపు, పొట్టా రెక్కల చివర్లూ ముదురు గోధుమరంగు. కాళ్లకి ఈకలు! కొంగ కాళ్లకి ఈకలేటండీ? పైగా ఆ నడక చూడాలి. ఒక్కో కాలూ ఎత్తి, గాల్లో విదిలించి, కాసేపు ఆలోచించి కింద పెడుతోంది. జతని పిలవడానికి నాట్యం చేత్తందని తేల్చేసేను. కంగారుగా ఫొటో తీత్తే కొంగా, చెరకూ, నా బొటనవేలూ కలిసిపోయేయి. అయినా గ్రూపులో పెట్టేసేను: "శారదలో కొత్త జాతి. కనిపెట్టినది నేనే."

పేరు కూడా సిద్ధం, సూరిబాబు కొంగ. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా, నా విషయంలో కనీసం కొంగైనా ఉంది.

ఆదివారం విశాఖపట్నం నించి మేడంగారు దిగేరు. జువాలజీ చెప్పి రిటైరయిన పెద్దావిడ. గ్రూపులో ఆవిడ మాటకి తిరుగులేదు. ఆవిడ వెనక గ్రూపంతా వచ్చింది. "నీ వింత నేనూ చూత్తాను" అని నాన్న కూడా వచ్చేడు. అందరం నీళ్లు దాటి చెరకు తోట దగ్గర నిలబడ్డాం. నా అదృష్టం కొద్దీ కొంగ వచ్చింది.

మేడంగారు చాలాసేపు చూసేరు. "రంగు కొత్తగానే ఉంది. కానీ ఆ ఈగలు ముసురుతున్నాయేమిటి?"

"అదే దీని గొప్పతనం మేడం. మిగతా కొంగలు ఈగల వెంట పడతాయి. దీని దగ్గరికి ఈగలే వత్తాయి."

"మరి కాళ్లకి ఈకలెందుకు?"

"చలికి మేడం."

"అనకాపల్లిలోనా?"

"హిమాలయాల నించి వచ్చుంటాది."

నాన్న నా వైపు తిరిగి, "ఏమో అనుకున్నాను గానీ, నీకూ కొంచెం తెలుసురా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట విన్న మొదటి మెప్పు. నా ఛాతీ బనీన్లో పట్టనంత అయిపోయింది.

అంతలో కొంగ కాలు విదిలించింది. ఒక ఈక రాలింది. మేడంగారు దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, నా చేతిలో పెట్టేరు. "మీరూ వాసన చూడండి."

చూసేను. అచ్చం మా కొట్టు వాసన.

"హుష్! నీ దుంప తెగ, మళ్లీ వచ్చేసినావా!" అంటూ తోటలోంచి సన్నాసినాయుడు మామ ఊడిపడ్డాడు. ఆ తోటా, దాని వెనక బెల్లం వండే పాకా ఆయనవే. మమ్మల్ని చూసి ఆగేడు. "దీంతో రోజూ ఇదే గోల బాబూ. పాకం మీద తేలిన మడ్డి తీసి గుంటలో పోత్తామా, ఈగల కోసం ఇది అందులో దిగుతాది. ఆ కాళ్లతోటే సెరకు పిప్పిలో నడుత్తాది. పిప్పంతా ఈకల్లాగ అంటుకుపోయి ఇదిగో, ఇలా ఇదిలించుకుంటాది. ఇంతమంది వచ్చేరు, దీన్ని సూడ్డానికేటి?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. తొక్కింది కొంగ, కడుక్కోవలసినోణ్ణి నేను! బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయేను. మేడంగారు నవ్వాపుకోలేక గట్టు మీద కూలబడ్డారు.

నాన్న ఒక్కడే నవ్వలేదు. నా చేతిలో పిప్పి తీసుకుని వాసన చూసి, కొంగని చూసి, నన్ను చూసేడు. నాకు ఏడుపొచ్చేసింది.

"రేపణ్ణించి కొట్లో కూర్చుంటాను నాన్నా."

"ఏ కొట్లో?" అన్నాడు. "బైనాక్యులర్ పెట్టి చూసి కూడా బెల్లాన్ని పోల్చుకోలేనోణ్ణి బెల్లం కొట్లో కూర్చోబెడతానేటి? మూడు తరాల వ్యాపారంరా ఇది! ఆదివారమే కాదు, నీకు ఏడు రోజులూ సెలవే. గుమ్మం తొక్కేవంటే కాళ్లిరగ్గొడతాను. పోయి పిట్టల్నే చూసుకో!"

అలా గెలిచేనండీ నేను. ఇప్పుడు కొట్లో మా చెల్లి కూర్చుంటంది, నేను గట్టున కూర్చుంటన్నాను. పిట్టల జాబితా కూడా పూర్తయింది. చివర్న మేడంగారు స్వయంగా పెన్నుతో ఒక వరస కలిపేరు: "గొడ్ల వెంట తిరిగే మామూలు కొంగ, తీపి పూతతో. చూసినవారు: సూరిబాబు."

అందుకని శారదమ్మ నీళ్లలో నిలబడి ప్రమాణం చేత్తన్నాను. ఇకమీదట ఎంత వింత పిట్ట కనబడినా, దాని వాసన చూడందే నోరు విప్పను. అంతవరకూ ఎగిరిపోకుండా నిలబడే బాధ్యత మాత్రం పిట్టదే.