తాడు పట్టినవారికి వాటా

టీచర్ ట్రైనింగులో మాకు మనస్తత్వశాస్త్రం అని ఒక పేపరు ఉండేది. మనిషి ఏ పని ఎందుకు చేస్తాడు, దేన్ని మళ్లీ చేస్తాడు, దేన్ని మానుకుంటాడు, ఇవీ పాఠాలు. పరీక్ష గట్టెక్కడానికి బట్టీ పట్టాను తప్ప, వాటితో మా తడ ఊళ్లో ఎవరికైనా ఉపయోగం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

నయాపైసలు వచ్చిన కొత్తలో పెళ్లయి తడకు కాపురానికొచ్చాను. మా ఆయన రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. నేను బడిలో టీచర్ని. వానలు వెనకబట్టాక ఆదివారాల్లో మద్రాసు నుంచి జనం రైలు దిగేవారు, పులికాట్ సరస్సు మీద వాలే పక్షుల్ని చూడడానికి. పుల్లల్లాంటి కాళ్లు, వంకర ముక్కు, రెక్క విప్పితే లోపల ఎరుపు. ఇప్పుడు అందరూ ఫ్లెమింగోలంటున్నారు. అప్పట్లో మాకవి పెద్ద కొంగలు, అంతే. కొంగల్ని చూడడానికి రైలెక్కి వచ్చేవాళ్లుంటారా అని మా వీధి ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవారు.

ఆ మద్రాసువాళ్లను నీళ్ల మీదికి తీసుకుపోయేది రేవు దగ్గరి పల్లెలో ఉండే ఒక పడవాయన. ఆయన పిల్లలు నా తరగతిలోనే చదివేవారు. ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని. గాలివానలో పడవ బోల్తాపడి ఆయన కుడి భుజం జారింది. ఎముక కూర్చోబెట్టారు గానీ ఆ చెయ్యి మళ్లీ భుజం దాటి లేవలేదు. వల విసరడం పోయింది. గెడ వేసి పడవ నడపడం, సాయంత్రం గుంజలకు కట్టిన వలను మర్నాడు భార్య సాయంతో ఎత్తుకోవడం, ఇంతే మిగిలింది. ఆ చలికాలం కూడా పడవకు మనుషులు దొరక్కపోతే ఇల్లు ఎత్తేసి మద్రాసు పోవాలని, హార్బరులో మేస్త్రీగా ఉన్న బావమరిది చూపించే గోడౌను కాపలా పనిలో చేరాలని ఇంట్లో మాటైంది. నీళ్ల మీద పెరిగిన మనిషిని తీసుకెళ్లి తాళం వేసిన తలుపు ముందు స్టూలు మీద కూర్చోబెట్టడమా?

చిత్రమేమిటంటే, వచ్చినవాళ్లను తిప్పి పంపించేది ఆయనే.

"పక్షులు కనిపిస్తాయా?" అని అడిగేవారు రేవులో దిగినవాళ్లు.

"ఏమో స్వామీ. ఉంటే ఉంటాయి, లేకుంటే లేదు," అనేవాడు.

సగం మంది అక్కణ్ణుంచే వెనక్కి తిరిగేవారు. ఒకరోజు నేను ఆగలేక అడిగేశాను. "ఏందన్నా ఇది? కనిపిస్తాయని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయింది?"

"నీళ్ల మీదికి పొయ్యేటప్పుడు దొరకతాదని ఎవురన్నా అంటారా టీచరమ్మా? మా నాయన చేప పేరు గూడా ఎత్తకుండా పడవెక్కేవోడు. ముందే మాటిస్తే నీళ్లు మూసుకుంటాయి."

పల్లెలో అది పెద్దల మర్యాద. మద్రాసువాళ్ల చెవికి మాత్రం 'ఏమీ లేవు, వెళ్లిరండి' అన్నట్టు వినిపించేది. ఇద్దరిదీ తప్పు కాదు, మధ్యలో పస్తులుండేది మాత్రం ఆయన పిల్లలు.

నా గొణుగుడు విని మా ఆయన సాయం చేస్తానని బయల్దేరారు. రైలు దిగి వెళ్లేవాళ్లకు టికెట్ల కిటికీలోంచే చెప్పడం మొదలుపెట్టారు. "వేలకు వేలు సార్, నీళ్లు కనిపించవు, అన్నీ పక్షులే." ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆయన మాట నమ్మి ఒక ఆదివారం ప్లీడర్లు కొందరు పడవ నిండా ఎక్కారు. ఆ పొద్దున గాలి మళ్లి, పక్షులన్నీ అవతలి ఒడ్డుకు పోయాయి. తిరిగొచ్చి రేవులో నిలబడి అన్నను నానా మాటలూ అన్నారు. ఆయన తల వంచుకుని విని, ఇంటికి పోయి, "నెలాకరికి మీ అన్నను రమ్మని కబురు పెట్టు," అన్నాడట భార్యతో. ఆ పూట మా ఆయనకు ఉత్త చారన్నమే పెట్టాను.

మరుసటి ఆదివారం గుడి నుంచి నేరుగా రేవుకు పోయి నేనే పడవెక్కాను. అసలు ఏం జరుగుతోందో కళ్లారా చూడాలి కదా. ఆ రోజు ఎక్కింది ఒక భార్యాభర్తా, ఆయన తల్లీ. కోడలు పడవ అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. నడుంలోతు నీళ్లేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కొడుకు కళ్లు దూరానికి అతుక్కుపోయాయి. పక్షి కనబడేదాకా ఆయనకు ఆ సరస్సులో ఇంకేమీ లేనట్టే. పెద్దావిడ ఎండనీ, నీచువాసననీ, కొడుకునీ వరసగా తిడుతోంది. చూడడం తప్ప చెయ్యడానికి పని లేని మనుషులు ఎంత తొందరగా విసిగిపోతారో, ముప్పైమంది పిల్లలున్న క్లాసు నడిపేదానికి ఒకరు చెప్పాలా?

పక్షుల వైపు పోయే దారిలోనే అన్న కట్టిన వల దగ్గరికి చేరాం. వదినకు ఆ రోజు జ్వరం, రాలేదు. అన్న ఎడమచేత్తో తాడు లాగాడు. నేనూ పట్టాను. వల కదల్లేదు. "ఎవరన్నా ఒక చెయ్యి వేస్తారా?" అన్నాను.

అన్న నొచ్చుకున్నాడు. "వద్దమ్మా. వచ్చినోళ్ల చేత పని చేయిస్తామా? పాపం."

పెద్దావిడ అప్పటికే చెంగు నడుముకు చుట్టేసింది. "మాది బుచ్చిరెడ్డిపాలెం నాయనా. బావి తోడిన చేతులివి. జరుగు," అని తాడు అందుకుంది. వెనక కొడుకు, ఆ వెనక కోడలు. పడవంచు వదలని పిల్ల ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. వలలో మడవ చేపలు ఎగిరెగిరి పడ్డాయి, అడుగున గుప్పెడు రొయ్యలు. పెద్దావిడ పకపకా నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు దూరంగా పక్షులు బారుగా కనిపించాయి. "అవేనా? బాగానే ఉన్నాయి," అని మళ్లీ తన చేపల వైపు తిరిగింది.

ఒడ్డున అన్న చేపల్ని కుప్పలు పోసి ఒక కుప్ప ఆమె ముందుకు జరిపాడు. ఆమె సంచిలో చెయ్యి పెట్టబోతే దండం పెట్టాడు. "ఇది కొనేది కాదమ్మా. తాడు పట్టినోళ్లకి వాటా. మా తాతలకాడ్నించీ ఉండేదే."

ఆమె ముఖం చూసి నాకు ట్రైనింగు పాఠం ఒక్కసారిగా అర్థమైంది. చూసినది మనిషి మరచిపోతాడు. చేసినది తనదైపోతుంది. మరుసటి వారం ఆవిడ మళ్లీ వచ్చింది, ఇద్దరు ఆడపడుచుల కుటుంబాల్ని వెంటబెట్టుకుని.

అన్నను ఒప్పించడానికి మాత్రం నా తల ప్రాణం తోకకొచ్చింది. "వచ్చినోళ్లు దేవుళ్ల మాదిరి కూచోవాల," అంటాడు. "దేవుళ్లకి విసుగు పుడతా ఉండాదన్నా," అన్నాను. చివరికి తగ్గాడు. పడవెక్కగానే గెడ వాళ్ల చేతికే ఇచ్చి లోతు చూడమనేవాడు. నీళ్లు నడుం దాటవని తెలిశాక భయం పోయేది, నోళ్లు తెరుచుకునేవి. పక్షుల సంగతి అడిగితే, "వల ఎత్తాల స్వామీ, మీ సాయం కావాల," అనేవాడు. అందులో అబద్ధమూ లేదు, ముందే మాటివ్వడమూ లేదు. ఒడ్డుకొచ్చాక, వచ్చినవాళ్ల వాటాలోంచే వదిన నాలుగు చేపలు కాల్చి పెట్టేది. ఆఖరి ముద్ద రుచే కదా ఇంటిదాకా నోట్లో ఉండేది. శాకాహారి ఒకాయన తన వాటా పుచ్చుకుని, అన్నీ తిరిగి నీళ్లలో వదిలి, పుణ్యం వచ్చిందని మురిసిపోయాడు. ఆయనా మళ్లీ వచ్చాడు.

నెలాఖరుకు మేస్త్రీ రానే వచ్చాడు. కబురు విని నేనూ వాళ్లింటికి పోయాను. ఆ పని ఇంకెన్నాళ్లో ఆగదని, బట్టలు మూట కట్టుకొమ్మని చెల్లెలితో అన్నాడు. అన్న నా వంక చూశాడు. పడవ నమ్ముకుంటే వచ్చే వర్షాకాలం ఏమవుతుందో నాకు మాత్రం తెలుసా? ఎప్పుడూ నాలుగు మాటలు కలిపి మాట్లాడని వదిన ఇద్దరికీ అన్నం వడ్డిస్తూ మేస్త్రీతో అంది, "ఆయన రాడన్నా. ఆ చెయ్యి లేవదని మూడేళ్లు రేవు నించి రాంగానే గోడకు తిరిగి పొణుకున్నాడు. ఇప్పుడు నేను లేపకుండానే పొద్దున్నే లేచి రేవుకాడికి పోతా ఉండాడు. నువ్వు తినేసి పో."

అన్న తింటున్న కంచంలోనే చెయ్యి పెట్టుకుని ఏడ్చాడు. నేను బయటికొచ్చి ఏడ్చాను.

సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చిన మా ఆయన చొక్కా అయినా విప్పకుండా నన్ను వెతుక్కుంటూ వంటింట్లోకి వచ్చారు. "మేస్త్రీ వచ్చాడు కిటికీ దగ్గరికి. మద్రాసుకు ఒక్క టికెట్టే తీసుకున్నాడు," అన్నారు.