కాచిన మురుక్కాలవ నీళ్లు

శుభ్రత వల్ల కొంప మునగడం మీరెక్కడైనా విన్నారా? వినకపోతే కాస్త ఇటు జరిగి కూర్చోండి. ధవళేశ్వరం మొత్తానికి అంత శుభ్రంగా కొంప ముంచిన కోడలిని నేనొక్కదాన్నే.

మునిగింది మా అత్తయ్య కాలు. షుగరు మనిషి. మడమ మీద లేచిన పుండు రాజమండ్రి ఆసుపత్రిలో ఏ మందుకూ లొంగలేదు. అందులోని క్రిములు ఇంజక్షన్లను పెళ్లిభోజనంలా ఆరగించి ఇంకా వడ్డించమన్నాయి. "పైకి పాకితే పాదం తీసెయ్యాలమ్మా" అన్నారు డాక్టరు గారు.

అక్కడే ఇలాంటి మొండి క్రిముల మీద పరిశోధన చేసే సునీత గారు నన్ను పక్కకు పిలిచారు.

"ఈ క్రిముల్ని తినేసే వైరస్‌లు ఉంటాయండి. మురుగులోనే ఎక్కువ దొరుకుతాయి. ఆసుపత్రి మురుగులో వెతికాం, మీ అత్తగారి క్రిమిని తినేది దొరకలేదు. మీ ఇంటి వెనక మురుక్కాలవ నీళ్లు ఓ సీసాడు తెస్తారా?"

తెచ్చేదాన్నే. ముంచి చూస్తే పైన నాచు, కింద నల్లటి బురద, మధ్యలో కంపు. అంత మర్యాదస్థురాలి చేతికి ఇదా ఇవ్వడం? నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన మా అమ్మ, ఎవరికైనా నీళ్లిస్తే తేటగా ఇవ్వాలని కూడా నేర్పింది. గోదావరికి ఎర్రనీళ్లొచ్చినప్పుడు చేసేదే చేశాను. పటిక తిప్పాను, తేరాక చీరమడతలో వడగట్టాను, తెర్లేదాకా కాచాను. సీసా మీద చెయ్యి వేసి ప్రార్థన కూడా చేశాను. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేను అడిగింది పారబోసి, అడగనిది పెట్టాను.

కొన్నాళ్లకు సునీత గారు అత్తయ్య మంచం దగ్గరికే వచ్చారు.

"మీ కాలవ విచిత్రంగా ఉందండి. అందులో ఏమీ లేదు!"

"మా వీధి అలాంటిదండి" అన్నాను, పొంగిపోయి.

"నిజంగా మురుక్కాలవేనా?"

"అయ్యో, నిఖార్సైన మురుక్కాలవండి!"

"మరి అంత తేటగా ఎలా..."

"కాచాను కదండీ! మీకు అలాగే ఎలా ఇస్తాను?"

ఆవిడ స్టూలు మీద కూలబడ్డారు. "తినేవాటినే ఉడకబెట్టేశారా?"

మంచం మీంచి అత్తయ్య నీరసంగా అంది: "ఉప్పు వేసిందో లేదో అడగండమ్మా."

రెండో సీసా కంపుతో సహా పట్టుకుని పరుగెత్తాను. బస్సులో నా చుట్టూ సీట్లన్నీ ఖాళీ అయిపోయాయి. ఈసారి తినేది దొరికింది. పరీక్ష పళ్లెంలో క్రిములున్నచోట చిన్న చిన్న మచ్చలుగా ఖాళీ. కానీ పుండు అప్పటికే చీలమండ దాకా పాకింది. డాక్టర్లు ఆగలేదు. పాదం పోయింది.

"మొదటే సరిగ్గా తెచ్చుంటే నిలిచేదా అండీ?" అని అడిగాను.

"తెలియదండీ. పళ్లెంలో తిన్నంత మాత్రాన ఒంట్లోకి ఎక్కించలేం. ఇంకా చాలా పరీక్షలు, అనుమతులు కావాలి."

ఆ "తెలియదు" నన్నింకా వదల్లేదు. ప్రాణం మిగిల్చినందుకు దేవుడికి రోజూ స్తోత్రం చెబుతాను. కళ్లు తెరిస్తే అత్తయ్య దుప్పటి ఒకవైపు పల్లంగా ఉంటుంది.

అత్తయ్య ఇంటికొచ్చాక కృతజ్ఞతా కూడిక పెట్టాం. పాస్టరు గారు కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ ఇంటివారిని శుభ్రపరచు..." అన్నారో లేదో, అత్తయ్య ఉలిక్కిపడింది.

"అయ్యగారూ, ఆ మాట మాత్రం ఎత్తకండి! మా కోడలు వింటే మమ్మల్నందర్నీ కాచేస్తుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ. అక్కడే మోకాళ్ల మీద ప్రమాణం చేశాను: ఇకమీదట మురికి అడిగినవారికి మురికే ఇస్తాను, నాచుతో, బురదతో, ఒక్క పురుగు కూడా తగ్గకుండా. ఆమేన్.